యాభై గొర్రెలు, ఒక్క దీపం

పోయిన కార్తీకమాసంలో మా ఇంట్లో అరకిలో ఆవునెయ్యి డబ్బా ఐదు రోజుల్లో అడుగంటింది. ఎవరూ తినలేదు. వంటింటి గట్టు మీద ప్రమిద పెట్టి, వత్తి వేసి, రాత్రీ పగలూ ఆరిపోకుండా వెలిగించాను. ఆరు గంటలకోసారి ఆ ప్రమిదను పళ్లెంతో సహా ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, ఎన్ని గ్రాములు తగ్గిందో నోటుబుక్కులో రాసుకున్నాను. అర్ధరాత్రి పన్నెండింటికి ఒక అలారం, తెల్లవారి ఆరింటికి ఇంకొకటి. రెండో రాత్రి మావారు మంచినీళ్లకని లేచి, చీకట్లో కాటా ముందు కూచున్న నన్ను చూసి హడలిపోయారు.

"కార్తీకం కదా, భక్తి పెరిగిందేమో అనుకున్నాను" అన్నారు.

"భక్తి కాదండీ, లెక్క."

"నెయ్యి కిలో ఏడొందలు. ఆ లెక్కేదో పామాయిల్‌తో చేసుకోకూడదూ?"

కుదరదు. ద్రాక్షారామం గుడి స్తంభం మీది పాత శాసనంలో నెయ్యి అనే ఉంది.

నాకిప్పుడు అరవై ఐదు. ఉండేది రాజమండ్రిలో. ముప్పై మూడేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి 2020 జూన్ 30న రిటైరయ్యాను. కరోనా రోజులు. బడికి తాళం. సన్మానం లేదు, గ్రూప్ ఫోటో లేదు. అటెండరు మాస్కు కట్టుకుని వచ్చి, శాలువా, పళ్లబుట్ట గేటు పక్క గోడ మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, దూరం నుంచే దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఇలాంటి అనుభవాలు రాసేవాళ్లు చాలామంది, చిన్నప్పటినుంచీ తమకు అన్నీ తెలుసుకోవాలన్న తపన అని మొదలుపెడతారు. నేనలా చెప్పుకోలేను. ఉద్యోగంలో చివరి ఇరవై ఏళ్లలో నాకు కొత్తగా పుట్టిన సందేహం ఒక్కటి కూడా గుర్తు లేదు. పదో తరగతి త్రికోణమితిలో ఆ దీపస్తంభం ఏటా అక్కడే ఉంటుంది, దాని నీడ ఏటా అంతే పడుతుంది. పిల్లలు ఏం అడుగుతారో నాకు ముందే తెలుసు. సిలబస్‌లో లేనిది అడిగితే "అది పరీక్షకి రాదులే, కూచో" అన్నదాన్నే. అడగని పిల్లలే బుద్ధిమంతులనుకున్నాను కూడా.

బడి ఉన్నంతకాలం ఇదేదీ తెలియలేదు. రిటైరయ్యాక బయటపడింది. పొద్దున్న టీవీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం కూచుని ఫోన్‌లో పొద్దుట వచ్చిన శుభోదయాలన్నీ చూడటం. బాధ అనడానికేమీ లేదు. ఒంట్లో బాగానే ఉంది, పెన్షన్ ఒకటో తారీకుకి కాస్త అటూ ఇటూగా పడుతోంది. కాకపోతే ఇవాళ మంగళవారమా బుధవారమా అన్నది క్యాలెండర్ చూస్తేగానీ తెలిసేది కాదు. ఎనిమిది నెలలు అలా గడిచాయి.

మరుసటి మార్చిలో ఒకరోజు డాబా మీద వడియాలు పెట్టి కాకులకి కాపలా కూచున్నాను. పక్కింటి వేపచెట్టు మీద ఒక పక్షి వాలింది. ఇంచుమించు కాకంత ఉంది. గోధుమరంగు ఒళ్లు, దాని నిండా తెల్లచుక్కలు, ఎర్రటి కళ్లు. ఎక్కడినుంచో దారి తప్పి వచ్చిన విదేశీ పక్షి అనుకుని, ఫోటో తీసి, జువాలజీ చెప్తున్న నా పాత స్టూడెంటు ఒకమ్మాయికి పంపాను.

"కోయిలండీ మేడం. ఆడకోయిల" అని వచ్చింది జవాబు.

"కోయిల నల్లగా కదా ఉండేది?"

"నల్లది మగదండీ. కూ అని పాడేది కూడా అదే. ఆడది కిక్ కిక్‌మని అరుస్తుంది, అంతే."

నాకు నోటమాట రాలేదు. అరవై ఏళ్లుగా ప్రతి ఉగాదికీ వింటున్న గొంతు. వార్షికోత్సవాల్లో ఆడపిల్లలకి నల్లగౌన్లు తొడిగి, రెక్కలు కట్టి "కోయిలమ్మా" అని గెంతించిన దాన్ని. అమ్మ కాదు, అయ్యట! పైగా ఆ పక్షి ఆ వేపచెట్టు మీద ఏళ్ల తరబడి వాలుతూనే ఉండి ఉంటుంది. నేనే తలెత్తి చూడలేదు. ఆ రోజు వడియాలు సగం కాకుల పాలయ్యాయి. మనసులో మాత్రం ఒకటే తిరుగుతోంది: ఇంకా ఏమేం తెలియవు నాకు?

ఆ ప్రశ్న నాకు సిగ్గనిపించలేదు, ఎందుకో హుషారనిపించింది.

ముందు పక్షుల మీద పడ్డాను. బైనాక్యులర్ కొనడంలో మొదటి దెబ్బ తిన్నాను. డబ్బా మీద 20×50 అని ఉంటే, అంకె పెద్దదైతే మంచిదే కదా అని ఆన్‌లైన్‌లో తెప్పించాను. లెక్కల టీచరుకి అంకె పెద్దదైతే మంచిదనిపించడం ఎంత సిగ్గుచేటో తర్వాత అర్థమైంది. ఇరవై రెట్లు పెద్దగా చూపిస్తుంది నిజమే, మన చేతి వణుకును కూడా ఇరవై రెట్లు పెంచి చూపిస్తుంది. పిట్ట కనబడదు, ఆకాశం ఊగుతూ కనబడుతుంది. దాన్ని తిరిగి పంపేసి 8×42 తీసుకున్నాను. ఎనిమిది రెట్లు, ముందు అద్దం నలభై రెండు మిల్లీమీటర్లు. చేత్తో పట్టుకుని చూసేవాళ్లకి అంతకు మించి అక్కర్లేదు.

గోదావరి గట్టున పొద్దున్న ఆరింటికి నిలబడితే హేవలాక్ వంతెన స్తంభాల మీద నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంటాయి. లకుముకి పిట్టల్లో నలుపూ తెలుపూ కలిసినదొకటి ఉంది. అది నీటి మీద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువునా రాయిలా పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు అది చచ్చిపోయి పడిందనుకుని "అయ్యో" అని పైకే అన్నాను. పక్కన వాకింగ్ చేస్తున్నాయన ఆగి చూశాడు. చేపతో పైకి లేచింది. ఆయనకీ చూపించాను. ఆయన మర్నాడు తన మనవణ్ని తీసుకొచ్చాడు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల్ని లెక్కపెడతారు, పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనబడ్డవన్నీ రాసి పంపితే చాలు. అందులోనూ చేరాను. లెక్కపెట్టడం నాకు వచ్చిన పనే కదా.

తర్వాత వయోలిన్. ఇది త్వరగా చెప్పేస్తాను. ఎనిమిది నెలలు నేర్చుకున్నాను. సరళీస్వరాలు, జంటస్వరాలు దాటి అలంకారాల దగ్గర ఆగిపోయాను. ఎడమచేతి వేళ్ల కీళ్లు సహకరించలేదు అని అందరికీ చెప్తాను. అది సగమే నిజం. నాకు విసుగొచ్చింది. వయోలిన్ పక్కవీధిలో పదేళ్ల పిల్లకి ఇచ్చేశాను, ఆ పిల్ల ఇప్పుడు నాకంటే చాలా బాగా వాయిస్తుంది. దానివల్ల నాకేం ఒరిగింది అంటే ఏమీ ఒరగలేదు. పట్టిన పని విడవకూడదని మా నాన్నగారు పెంచిన ఇంట్లో పుట్టినదాన్ని. ఆ మాట పాతికేళ్ల వాళ్లకి, ఉద్యోగం సంపాదించుకోవాల్సిన వాళ్లకి చెప్పాల్సిన మాట అని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం. ఈ వయసులో దేన్నయినా పట్టుకుని చూసి, నచ్చకపోతే వదిలేసే హక్కు పెన్షన్‌తో పాటే వస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే అనేస్తాను. రిటైరైనవాళ్ల సభలు జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు మైకు పట్టుకుని "ఏదో ఒక వ్యాపకం పెట్టుకోండి, మెదడుకి వ్యాయామం, మతిమరుపు రాదు" అని చెప్తుంటారు. మంచి మాటే కావచ్చు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. కోయిల గురించి తెలుసుకోవడం బి.పి. మాత్ర కాదు. రేపు నాకు మతిమరుపు వచ్చినా, ఇవాళ తెలుసుకున్నది ఇవాళ తెలుసుకున్నట్టే.

సరే, శాసనాల సంగతి. 2022 ఆగస్టులో ఒకరోజు గట్టు మీదనుంచి వస్తుంటే కుండపోత వాన. దగ్గర్లో రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం కనబడితే తలదాచుకోవడానికి దూరాను. అక్కడొక శాసనం రాయి ముందు నిలబడి బట్టలు పిండుకుంటున్నాను. రాయి మీద అక్షరాలు. కన్నడమనుకున్నాను. పక్కన చీటీలో "భాష: తెలుగు" అని ఉంది. మళ్లీ చూశాను. ఒక "న" దొరికింది. ఒక "ర" లాంటిది దొరికింది. మిగతాది ముద్ద. నేను పుట్టి పెరిగిన ఊళ్లో, నా భాషలో, నాకు చదవడం రాని రాయి! వాన వెలిశాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాను.

అక్కడ పనిచేసే అబ్బాయిని అడిగితే, రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకాయన ఆదివారాలు వాళ్లింటి అరుగు మీద పాతలిపి నేర్పిస్తారని చెప్పాడు. వెళ్లాను. ఫీజు లేదు, కాఫీ ఉంది. మొత్తం నలుగురం: పాలిటెక్నిక్ చదివే కుర్రాడు, ఆర్టీసీ కండక్టరు, ఎం.ఏ. చదువుతున్న అమ్మాయి, నేను. మాస్టారు కాక అందరిలోకీ పెద్దదాన్ని నేనే, అందరిలోకీ వెనకబడ్డదాన్నీ నేనే. "మేడం, అది ప కాదండీ, వ" అని ఆ పాలిటెక్నిక్ కుర్రాడు నన్ను దిద్దుతుంటే మొదట్లో చెవులు వేడెక్కేవి. నా క్లాసులో చివరి బెంచీలో కూచుని తల దించుకున్న మొహాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మూడో ఆదివారం మానేద్దామనుకున్నాను. మాస్టారు ఆరోజు అంకెలు మొదలుపెడతానన్నారు కాబట్టి వెళ్లాను. మంచిపని చేశాను.

పూర్వం తేదీని అంకెల్లోనే కాదు, మాటల్లోనూ చెప్పేవాళ్లు. శశి అంటే ఒకటి, చంద్రుడు ఒక్కడే కాబట్టి. నేత్రం అంటే రెండు. రామ అంటే మూడు, పరశురాముడు, శ్రీరాముడు, బలరాముడు. వేదం నాలుగు, బాణం అయిదు, రసం ఆరు, గిరి ఏడు, వసువు ఎనిమిది, నంద తొమ్మిది, గగనం సున్నా. వీటిని కుడినుంచి ఎడమకి చదవాలి, అంటే ఒకట్ల స్థానం ముందు వస్తుంది. వచ్చిన సంఖ్య శకసంవత్సరం. దానికి 78 కలిపితే మన క్రీస్తుశకం. ముప్పై మూడేళ్లు స్థానవిలువలు చెప్పినదాన్ని, ఒకట్లతో మొదలుపెట్టి సంఖ్యని పద్యంలో ఇమిడ్చే ఈ పద్ధతి ఉందని నాకెవరూ చెప్పలేదు. ఆ రాత్రే కూచుని నేను పుట్టిన 1960ని తయారుచేశాను: శకం 1882, అంటే నేత్ర-వసు-వసు-శశి. హైదరాబాద్‌లో ఉన్న మా మనవడు 2015లో పుట్టాడు. శకం 1937, గిరి-రామ-నంద-శశి. వీడియో కాల్‌లో చెప్తే వాడికి తెగ నచ్చేసింది. ఆ తర్వాత నెలరోజులు వాళ్ల అమ్మ పిలిస్తే పలక్కుండా "నా పేరు గిరిరామనందశశి" అని గోల చేశాడట.

అక్షరాలు మాత్రం అంత సులువుగా లొంగలేదు. పాత శాసనాల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. పంక్తి ఎక్కడ అయిపోతే మాట అక్కడ విరిగిపోతుంది. ఎ, ఏ లకి తేడా చూపించరు, ఒ, ఓ లకీ అంతే. అరసున్నా పెట్టాల్సిన చోట నిండుసున్నా చెక్కి ఉంటుంది. తలకట్టు ఇప్పటిలా టిక్కుపెట్టినట్టు ఉండదు. తెలుగూ కన్నడం అప్పటికి ఒకే లిపిలో రాసేవాళ్లు కాబట్టి నాకు కన్నడంలా కనబడటంలో తప్పు లేదన్నారు మాస్టారు. తెలుగులో పూర్తిగా రాసిన మొదటి శాసనాల్లో ఒకటి కడప జిల్లా కలమళ్లలో ఉందని, రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించినదని, క్రీ.శ. 575 నాటిదంటారని చెప్పి దాని ఫోటో చూపించారు. నాలుగు నెలలకి నేను అందులో ఒక ముక్క కూడబలుక్కుని చదివాను: "ఎరికల్ముతురాజు". చిన్నప్పుడు మొదటిసారి బస్సు బోర్డు చదివినప్పటి సంతోషం అచ్చం అలాగే మళ్లీ వస్తుందని నేననుకోలేదు.

ఎస్టాంపేజీ, అంటే రాతి మీది అక్షరాలకి కాగితం మీద అచ్చు, తీయడం కూడా నేర్పించారు. నిజమైన శాసనం మీద అనుమతి లేకుండా చెయ్యి వేయకూడదని, అక్షరాలు కనబడాలని సుద్దముక్క రుద్దడం, నూనె రాయడం, పిండి పూయడం పాపమని ముందే ఒట్టు పెట్టించుకున్నారు. అందుకని మేం ప్రాక్టీసు చేసింది మాస్టారి పెరట్లో పడి ఉన్న ఏదో పాత భవనం శంకుస్థాపన ఫలకం మీద. రాయిని కడిగి, తడిపిన కాగితం పరిచి, బ్రష్షుతో మెల్లగా కొడుతూ పోవాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక, గుడ్డ ఉండకి నల్లసిరా అద్ది పైపైన తట్టాలి. గుంటల్లోకి దిగిన చోట సిరా అంటదు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. నాకు మొదట తేలిన మాట "గౌరవనీయులైన". ఆర్టీసీ కండక్టరు పడీపడీ నవ్వాడు.

ఇక ద్రాక్షారామం. రాజమండ్రినుంచి రామచంద్రపురం మీదుగా బస్సు. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. వేంగీ చాళుక్య రాజు చాళుక్యభీముడు కట్టించాడంటారు. లింగం రెండంతస్తుల ఎత్తుంటుంది, పైకెక్కి దర్శనం చేసుకుని, ప్రసాదం తిని వచ్చేవాళ్లం. ఆ స్తంభాల మీద, గోడల మీద వందలకొద్దీ శాసనాలున్నాయి. చిన్నప్పుడు వాటికే ఆనుకుని పులిహోర తిన్నాను.

2023 సంక్రాంతి వెళ్లాక మాస్టారు మమ్మల్ని తీసుకెళ్లారు. ముందుగా ఆఫీసులో చెప్పి అనుమతి తీసుకున్నాం. నాకు ఒక స్తంభం కేటాయించారు. మధ్యాహ్నం ఎండలో రాయి చదునుగా కనిపిస్తుంది. అక్షరాలు కావాలంటే వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడాలి. పొద్దున్నే వెళ్తే ఎండే ఆ పని చేసిపెడుతుంది, నీడలో ఉన్న స్తంభానికి మాత్రం చిన్న టార్చి పక్కనుంచి పట్టుకోవాలి. నేనలా రాయికి చెంప ఆనించి టార్చి వేసి చూస్తుంటే కాపలా ఆయన వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"నిధేమన్నా ఉందాండి, అమ్మగారూ?"

"గొర్రెలున్నాయండీ" అన్నాను. అప్పటికి అదొక్కటే చదవగలిగాను మరి.

"గొఱియలు" అని ఉంది. బండి ఱ వల్ల దొరికిపోయింది. దాని పక్కన 50. పైన "స్వస్తి శ్రీ శకవర్షంబులు" అన్నది నేనే చదివాను. సంవత్సరంలో మొదటి రెండంకెలు 10 అని తెలుస్తున్నాయి, తర్వాతి రెండూ అరిగిపోయాయి. అంటే శకం 1000 నుంచి 1099 లోపు, మన లెక్కలో 1078కీ 1177కీ మధ్య. మిగతాది మాస్టారు చదివి వినిపించారు. ఉత్తరాయణ సంక్రాంతి నాడు ఎవరో భీమేశ్వరుడికి అఖండదీపం కోసం యాభై గొర్రెలు ఇచ్చారు. వాటిని తీసుకున్న బోయడు (మంద కాసేవాడు) "నిత్యమానెండు నెయి", అంటే రోజూ మానెడు నెయ్యి, పొయ్యాలి. అతని తర్వాత అతని కొడుకులు, మనవలు. ఎంతకాలం? ఆచంద్రార్కం, సూర్యచంద్రులున్నంత కాలం. ఈ ధర్మాన్ని చెడగొట్టినవాడు అరవైవేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని చివర శాపం.

అక్కడ శాసనాల్లో ఎక్కువభాగం ఇలాంటి దీపాలవే. రాజుల యుద్ధాలు అక్కడక్కడ ఉంటాయి. కులోత్తుంగ చోళుడి పేరూ కనబడుతుంది. మన రాజరాజనరేంద్రుడి కొడుకే, 1070లో వెళ్లి చోళ సింహాసనం ఎక్కాడు. మా ఊరి కుర్రాడని పాలిటెక్నిక్ అబ్బాయి మహా గర్వపడ్డాడు. నాకు మాత్రం గొర్రెలే మనసులో పడ్డాయి. బస్సులో తిరిగొస్తూ లెక్క వేశాను. తెగలేదు. మా అత్తగారి ఇత్తడి మానిక ఇంట్లో ఉంది. అంత నెయ్యి పోస్తే ఒక దీపం కాదు, వరసగా పది దీపాలు వెలుగుతాయి. ఆనాటి మానిక ఈనాటి మానిక కాదు, గుడికో కొలత, సీమకో కొలత అన్నారు మాస్టారు. సరే. తంజావూరు పెద్దగుడి శాసనాల్లో ఒక దీపానికి 96 గొర్రెలు, లేదా 48 ఆవులు, లేదా 16 గేదెలు అని ఉందని కూడా చెప్పారు. అంటే ఒక గేదె మూడు ఆవులకి, ఆరు గొర్రెలకి సమానం. ఎంత ముచ్చటైన నిష్పత్తి! పదో తరగతి పుస్తకంలో పెట్టాల్సింది. కానీ అక్కడ 96 అయితే ఇక్కడ 50 ఎందుకు? మన గొర్రెలు ఎక్కువ పాలిచ్చేవా? దీపం చిన్నదా?

అదిగో, అందుకు వెలిగించాను ఆ ప్రమిద. ఆ స్తంభం చూసొచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది. మధ్యలో ఒక కంటికి శుక్లం ఆపరేషన్, మా అమ్మాయి ఇల్లు మారడం, ఇంకా ఏవేవో. ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోలేదు. సన్నవత్తితో మూడురోజులు చూశాను: రోజుకి 62, 64, 63 గ్రాములు. రెండు వత్తులు కలిపి పేనితే 108, 112. గాలి తగిలితే ఎక్కువ తాగుతుంది. నెయ్యి గడ్డకడితే దీపం కొడిగడుతుంది, నిద్ర లేచి కదపాలి. గుడిలో దీనికో మనిషి ఉండేవాడన్నమాట. అతని పేరు ఏ రాయి మీదా వేసి ఉండరు.

దీపం వైపు లెక్క తేలింది. ఇక గొర్రె వైపు.

డిసెంబరులో కోతలయ్యాక కోరుకొండ రోడ్డు వైపు పొలాల్లో మందలు దిగుతాయి. రాత్రిపూట చేలో మంద కట్టిస్తే ఎరువు పడుతుందని రైతులు గొర్రెలవాళ్లకి డబ్బిచ్చి మరీ కట్టించుకుంటారు. మావారు స్కూటర్ మీద దింపారు, గట్టు మీద నిలబడి మాత్రం "నేను రాను, నువ్వే అడుగు" అన్నారు. మంద యజమానికి యాభై ఏళ్లుంటాయి. భుజాన గొంగడి, చేతిలో స్మార్ట్‌ఫోన్. విషయం చెప్పాను. తొమ్మిది వందల ఏళ్ల కింద మీలాంటి ఒకాయనకి యాభై గొర్రెలిచ్చి రోజూ గుడికి నెయ్యి పొయ్యమన్నారు, అది జరిగే పనేనా అని.

ఆయన నవ్వలేదు. కర్ర నేలకి ఆనించి ఆలోచించాడు.

"గొర్రెపాలు ఎవరు పితుకుతారండి? పిల్లకే చాలవు. మావన్నీ మాంసం రకాలండి, ఆయ్."

"అప్పట్లో వేరే రకమేమో."

"అవ్వచ్చండి. అయినా నన్నడిగితే పాలు పితికి కాదండి. యాభై తల్లులుంటే ఏడాది తిరిగేసరికి పిల్లలెన్ని అవుతాయండి? యాభై అలాగే ఉంచి, పైవన్నీ అమ్ముకుంటే, రోజూ గిద్దెడు నెయ్యి కొని పోసినా నాకు మిగులుద్దండి. నాకిమ్మనండి, రేపట్నించి పోస్తాను."

నేను పొలంగట్టు మీద కూలబడిపోయాను. మూడేళ్లుగా పాలు, వెన్న అని కొట్టుకుంటున్నాను. ఇది పాల లెక్క కాదు, చక్రవడ్డీ లెక్క! ఆ యాభై అసలు, పిల్లలు వడ్డీ. పాతికేళ్లపాటు బ్లాక్‌బోర్డు మీద చక్రవడ్డీ సూత్రం రాసిన నాకు తట్టలేదు, ఆయనకి నిమిషంలో తట్టింది. మాస్టారికి ఫోన్ చేసి చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఆయన్ని ఓసారి ఆదివారం మనింటికి రమ్మనండమ్మా" అన్నారు.

ఆయన రాలేదు, మంద వదిలి ఎలా వస్తాడు. కాని ఫోన్ నంబరు తీసుకున్నాడు. వారం తర్వాత పొద్దున్న ఐదున్నరకి మోగింది. మావారు ఎవరైనా పోయారేమోనని కంగారుగా లేచారు.

"టీచరమ్మగారూ, పితికి చూశానండి. పిల్ల తాగ్గా ఒక గొర్రెకి సగం టీగ్లాసు వచ్చిందండి."

చీకట్లోనే నోటుబుక్కు వెతికాను. యాభైలో పాలిచ్చేవి ఒకసారికి ఎన్నుంటాయని అడిగితే ఇరవై వేసుకోండన్నాడు. ఇరవై సగాలు పది గ్లాసులు, గ్లాసు ఎనభై మిల్లీలీటర్లు, మొత్తం ఎనిమిది వందలు. గొర్రెపాలలో వెన్నశాతం ఆవుపాలకంటే ఎక్కువ, వందకి ఏడు వేసుకున్నాను. కాచి దించేసరికి యాభై ఐదు గ్రాముల నెయ్యి. నా సన్నవత్తి దీపానికి ఎనిమిది గ్రాములే తక్కువ! పాలతోనూ దాదాపు సరిపోతోంది. అంటే ఆ ఇచ్చినాయన లెక్క తెలిసే ఇచ్చాడా, ఊరికే యాభై అన్నాడా?

ఇదంతా ఫోన్‌లోనే గడగడా చెప్పేశాను. అవతల ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత అడిగాడు.

"నాదొక డౌటండి. ఆ యాభైలో రోగమొచ్చి నాలుగు చస్తే? అవి ఎవరు కట్టుకోవాలండి, ఇచ్చినాయనా, పుచ్చుకున్నాయనా?"

నాకెప్పుడూ తట్టని ప్రశ్న. పుచ్చుకున్నాయనే కట్టుకోవాలనుకుంటా అన్నాను. తమిళ శాసనాల్లో ఇలాంటి గొర్రెల్ని చావనివి, ముసలివి కానివి అని రాస్తారట, అంటే ఎన్ని చచ్చినా మందలో లెక్క తగ్గకూడదని, అన్నాను.

ఆయన అప్పుడు నవ్వాడు, ఫోన్ చెవికి దూరంగా పెట్టుకోవాల్సినంత గట్టిగా.

"చావని గొర్రె, ముసలిదవ్వని గొర్రె! ఎక్కడన్నా కనబడితే నాకో రెండు ఇప్పించండి అమ్మగారూ."